పూత మీదున్న మిరపకు ఆకు పండుతుంటే

ఈ నెల నా బల్ల మీదున్న ఉత్తరాల్లో నాలుగింటిది ఒకటే బాధ. మొక్క ముద్దుగా పెరిగింది, పూతకు వచ్చింది, సరిగ్గా అప్పుడే ఆకు పసుపు తిరగడం మొదలైంది. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. ఆ అబ్బాయి చూసిందీ కొలిచిందీ అన్నీ రాశాడు. భూసార పరీక్ష కేంద్రంలో 28 ఏళ్లు పనిచేసినదాన్ని, అంకెలతో వచ్చిన ఉత్తరం చూస్తే నాకు ప్రాణం లేచి వస్తుంది.

ప్రశ్న: అమ్మా, నమస్తే. మాది తెనాలి పక్కన పల్లె. నాలుగేళ్లుగా కెనడాలో బ్రాంప్టన్‌లో ఉంటున్నాం. ఇక్కడ నవంబరు వచ్చిందంటే మళ్లీ మే నెల దాకా బయట ఏమీ పండదు. అందుకని బేస్‌మెంట్‌లో నాలుగడుగుల టెంటు కట్టి, 200 వాట్ల ఎల్ఈడీ లైటు పెట్టి నాలుగు మిరప మొక్కలు పెంచుతున్నాను. ఇండియన్ స్టోర్లో కొన్న ఎండుమిరపకాయల గింజలే. 20 లీటర్ల గుడ్డ సంచుల్లో కోకోపీట్, కొంచెం పెర్లైట్. ఆగస్టులో నారు పోశాను, నవంబరు మొదట్లో పూత పట్టింది. పూత రాగానే లైటు రోజుకు 12 గంటలకు తగ్గించి, పూత ఎరువు మొదలుపెట్టాను. సీసా మీద 0-10-10 అని ఉంది. మూడు వారాలకు కింది ఆకులు పసుపు తిరిగాయి. ఆకలేమోనని ఎరువు రెట్టింపు చేశాను. ఇప్పుడు మధ్య ఆకులకూ ఎక్కింది. వాటిలో ఈనెలు పచ్చగా ఉన్నాయి, ఈనెల మధ్య పసుపు. చివర్లు మాడినట్టు గోధుమరంగుకు వచ్చాయి. పూత రాలిపోతోంది. రెండు రోజులకోసారి లీటరు నీళ్లు పోస్తాను. నేల పాడవుతుందని కిందికి కారనివ్వను. పోసే నీళ్ల ఈసీ (నీళ్లలో కరిగిన ఉప్పుల కొలత) 2.2, పీహెచ్ 5.5. ఒకరోజు ఎక్కువ పోసి, కింద కారినవి పట్టి చూస్తే ఈసీ 4.6, పీహెచ్ 5.1 ఉన్నాయి. రాత్రిళ్లు గది 16 డిగ్రీలు. నేను చదివిన చోటల్లా ‘పూత దశలో ఆకు పసుపు కావడం మామూలే, వదిలేయండి’ అనే ఉంది. వదిలేయమంటారా?

జవాబు: వదిలేయొద్దు బాబూ. ఆ సలహా మీ మొక్కకు చెప్పింది కాదు.

మీరుంటున్న దేశంలో టెంట్లు, లైట్లు, పూత ఎరువుల సీసాలు అమ్మే దుకాణాల్లో చాలా సరుకు గంజాయి పెంచేవాళ్లను దృష్టిలో పెట్టుకుని తయారైందే. మన దగ్గర 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఆ మొక్క పెంచడం నేరం. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి సమాఖ్య చట్టం పెద్దవాళ్లకు ఇంటికి నాలుగు మొక్కల దాకా అనుమతిచ్చింది. దాంతో ఇళ్లలో లైటు కింద పెంచే విద్య అంతా ఆ మొక్క లెక్కల్లోనే ప్రచారమైంది. మీరు లైటు 12 గంటలకు తగ్గించింది కూడా ఆ లెక్కే. గంజాయికి రాత్రి పొడవైతేనే పూత వస్తుంది. పూత మొదలయ్యాక ఎనిమిది పది వారాల్లో దాన్ని ఒక్కసారిగా కోసేస్తారు. కోతకు ముందు నత్రజని తగ్గిస్తారు కాబట్టి చివరి రెండు మూడు వారాల్లో పెద్ద ఆకులు పండి రాలితే పట్టించుకోరు. కోసేసే మొక్కకు ఆకుతో ఇక పనేముంది? అక్కడ కూడా పూత పట్టిన రెండో వారంలోనే ఆకు పండితే మామూలు అనుకోరు, వేరు దగ్గర ఏదో తేడా వచ్చిందనే వెతుకుతారు.

మిరప అలాంటిది కాదు. మా గుంటూరు వైపు చేను చూడండి. ఒకే కొమ్మ మీద ఎర్రగా పండిన కాయ, పచ్చి కాయ, పిందె, పువ్వు, దాని పైన కొత్త చిగురు, అన్నీ ఉంటాయి. ఒక కోత అయ్యాక ఇంకో కోత. పూసినన్నాళ్లూ ఆకు వేస్తూనే ఉంటుంది, ఆకు వేసినన్నాళ్లూ నత్రజని అడుగుతూనే ఉంటుంది. దానికి మీరు సున్నా నత్రజని ఉన్న సీసా మూడు వారాలు పోశారు (0-10-10లో మొదటి అంకె నత్రజనిదే). పగటి నిడివితో మిరప పూతకు పెద్దగా సంబంధం లేదు. ముందు లైటును 15 గంటలకు పెంచండి. రాత్రి తొమ్మిది గంటల చీకటి చాలు.

ఇక ఆకు దగ్గరికి వద్దాం. ఆకు పసుపు అయిందంటే నేను అడిగే మొదటి మాట ఒకటే: ఏ ఆకు? కింది ఆకా, చిగురా? నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం మొక్కలో కదిలే పోషకాలు. అవి తక్కువైతే మొక్క ముదురాకుల్లోంచి తీసి లేతాకులకు పంపిస్తుంది. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజున తల్లి తన కంచంలోది బిడ్డకు పెట్టినట్టే. అందుకే ముందు కింది ఆకు పండుతుంది. ఇనుము, కాల్షియం, బోరాన్ అలా కదలవు. ఒకసారి ఆకులో చేరితే అక్కడే ఉంటాయి. అవి అందకపోతే చిగురు దెబ్బతింటుంది, కింది ఆకులు నిక్షేపంగా ఉంటాయి.

మీ ఉత్తరంలో రెండు రకాల పసుపు ఉంది. కింద మొదలైంది ఈనెలతో సహా ఆకంతా ఒకే తీరున పాలిపోయిన పసుపు. అది నత్రజని. తర్వాత మధ్య ఆకులకు ఎక్కింది వేరు. ఈనెలు చేప ముల్లులా పచ్చగా నిలిచి, వాటి మధ్య జాగా మాత్రమే పసుపు. అది మెగ్నీషియం. ఆకులో పచ్చదనానికి మూలమైన పత్రహరితం అణువు నడిమధ్య ఉండేది మెగ్నీషియమే, అది లేకపోతే పచ్చదనం నిలవదు. ఇప్పుడు ఒక ఆకు తుంచి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, పగటి వెలుతురులో వెనక్కి తిప్పి చూడండి. టెంటు లైటు కింద, ముఖ్యంగా ఊదారంగు లైటు కింద, పసుపు ఏదో పచ్చ ఏదో కంటికి తెలియదు. నాకు ఫొటో పంపేవాళ్లు కూడా దయచేసి లైటు ఆపి, పగటి వెలుతురులో రెండు వైపులా తీసి పంపండి.

మెగ్నీషియం ఎందుకు తగ్గింది? మీరు వేయక కాదు, తక్కువ వేసి కాదు. దాన్ని పక్కకు నెట్టేశారు. పొటాష్ ఎక్కువైతే వేరు దగ్గర మెగ్నీషియానికి, కాల్షియానికి చోటు దొరకదు. దానికి తోడు కోకోపీట్. కొబ్బరి పొట్టులో పుట్టుకతోనే పొటాషియం, సోడియం ఉంటాయి. అది మీరు పోసిన కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టేసుకుని వాటికి బదులు పొటాషియాన్ని వదులుతుంది. కోనసీమ నుంచి, తమిళనాడు నుంచి వచ్చే కోకోపీట్ ఇటుకలను మన దగ్గర చాలామంది కడగకుండానే వాడేస్తారు. నానబెట్టిన నీళ్లు టీ రంగు వదిలేదాకా కడగాలి. మీరు కడిగే ఉంటారు, కానీ మూడు నెలలుగా అదే సంచిలో ఉప్పు చేరుతూ వచ్చింది.

ఆ ఉప్పు లెక్కే అసలు లెక్క. పోసేది 2.2, కింద కారేది 4.6. అంటే వేరు ఉన్న చోట మీరు కలిపినదానికి రెట్టింపు చిక్కటి ఎరువు నీళ్లున్నాయి. మొక్క నీళ్లు తాగుతుంది, తనకు అక్కర్లేని ఉప్పును వదిలేస్తుంది. మీరు కిందికి కారనివ్వరు. ఆ ఉప్పు ఎటు పోవాలి? మిరప ఉప్పుకు ఓర్చుకునే మొక్క కాదు. మట్టి ఈసీ 1.5 దాటిన దగ్గర్నుంచీ దిగుబడి తగ్గడం మొదలవుతుంది. నీళ్ల మధ్యే ఉన్నా వేరు నీళ్లు పీల్చలేదు. ఆకు చివర మాడటం దానివల్లే. అప్పుడు మీరు ‘ఆకలేమో’ అని రెట్టింపు పోశారు.

మీ తప్పని కాదు బాబూ, అందరూ అదే చేస్తారు. నేను కేంద్రంలో ఉండగా ఒక రైతు తువ్వాలులో మట్టి మూట కట్టుకొచ్చారు. వానలు తగ్గాక మిరప పచ్చబడక, పది రోజుల్లో మూడుసార్లు యూరియా చల్లారట. మొక్క తెచ్చారా అని అడిగితే ఒకటి పీక్కొచ్చి జీపులో పెట్టానన్నారు. వేరు పట్టుకుని లాగితే పైతొక్క తొడుగులా ఊడి నా చేతిలోకి వచ్చింది, లోపల దారంలాంటి పోగు మిగిలింది. నల్లరేగడిలో నీరు నిలిచి వేరుకు ఊపిరాడలేదు. చేలో తిండి ఉంది, తినే నోరు లేదు. నీరు బయటికి పోయేలా కాలువ తీయమని చెప్పాను. అప్పటినుంచి ఎవరు పసుపు ఆకు తెచ్చినా ముందు వేరు చూపించమంటాను. మీరు కూడా ఒక సంచి పక్కన వేలితో కొంచెం తవ్వి వేరు చూడండి. తెల్లగా, పుల్లలా గట్టిగా ఉంటే పర్వాలేదు. గోధుమరంగులో మెత్తగా ఉండి మురుగు వాసన వస్తే మళ్లీ రాయండి, అప్పుడు దారి వేరు.

వేరు బాగుందనుకుని చెబుతున్నాను. సంచులను స్నానాల గదిలోకి తీసుకెళ్లండి. ఉత్త నీళ్లతో కడగొద్దు, కోకోపీట్‌లో ఉన్న కాస్త కాల్షియం కూడా పోతుంది. పల్చటి ఎరువు నీళ్లతో కడగాలి. లీటరుకు కాల్షియం నైట్రేట్ 0.3 గ్రాములు, ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) పావు గ్రాము, నత్రజని ఉన్న సాధారణ ఎరువు (20-20-20 లాంటిది) 0.3 గ్రాములు. పీహెచ్ 6.0కు సరిచేయండి. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, కుళాయి మంచు నీళ్లు వద్దు. ఒక్కో సంచికి దాదాపు 40 లీటర్లు, నిదానంగా, ఆగి ఆగి పోయండి. కింద కారే నీళ్ల ఈసీ 2 లోపలికి వచ్చాక ఆపండి. ఒక్క రోజులో రాకపోతే ఊరుకోండి, సంచి తేలికయ్యాక మళ్లీ చేయండి.

ఆ తర్వాత రోజువారీ ఎరువు దానికి రెట్టింపు. కాల్షియం నైట్రేట్ 0.6 గ్రాములు, ఎప్సమ్ సాల్ట్ అర గ్రాము, సాధారణ ఎరువు 0.6 గ్రాములు, లీటరుకు. ఇక్కడొక జాగ్రత్త. కాల్షియం నైట్రేట్, ఎప్సమ్ సాల్ట్ రెండూ చిక్కగా ఒకే గ్లాసులో కలిపితే తెల్లగా విరిగి అడుక్కి దిగుతుంది. అది జిప్సమ్. మొక్కకు అందదు. బకెట్ నిండా నీళ్లు పోసి, ఒకటి పూర్తిగా కరిగాకే రెండోది వేయండి. పూత ఎరువు సీసాను అటకెక్కించండి. భాస్వరం ఎక్కువైతే ఇనుము, జింకు అందకుండా పోతాయి, రేపు చిగురు కూడా పసుపు తిరుగుతుంది.

ఇకనుంచి సంచులను ట్రేలో పెట్టండి. పోసిన నీళ్లలో అయిదో వంతయినా ప్రతిసారీ కింద కారాలి. కారినవాటిని అరగంటలో ఎత్తిపోయండి, సంచి మళ్లీ పీల్చుకోకూడదు. లీటరు, రెండు రోజులు అనే లెక్క మానేసి సంచిని రెండు చేతులతో కొంచెం లేపి బరువు చూడండి. నిండుగా తాగిన సంచి బరువు చేతికి ఒకసారి తెలిస్తే ఇక మీటరు అక్కర్లేదు. వారానికోసారి కారిన నీళ్ల ఈసీ రాసి పెట్టుకోండి.

రాత్రి 16 డిగ్రీలన్నారు. అది గాలి వేడి. బేస్‌మెంట్ సిమెంటు నేల అంతకన్నా చల్లగా ఉంటుంది, సంచి నేలమీదే ఉంటే వేరు చలికి ముడుచుకుంటుంది. చల్లబడిన వేరు ఎంత పోసినా తినదు. సంచుల కింద థర్మోకోల్ పలక వేసి, పైన చెక్క పెట్టండి. టెంటు లోపల రాత్రి 18, 20 డిగ్రీలు ఉండేలా చూడండి. 15, 16 దగ్గరికి దిగితే పుప్పొడి సరిగా తయారవదు, పూత రాలుతుంది. మీ పూత రాలడానికి ఉప్పు సగం కారణం, చలి సగం. పగలు పదకొండు గంటలప్పుడు కొమ్మను వేలితో మెల్లగా తట్టండి. మిరప పువ్వు తన పుప్పొడితోనే కాయ కడుతుంది, కానీ గదిలో గాలీ లేదు, తేనెటీగా లేదు, ఆ కదలిక మీ వేలే ఇవ్వాలి.

పండిన ఆకులు మళ్లీ పచ్చబడతాయని ఎదురుచూడకండి. మెగ్నీషియం పసుపు కొంచెం తగ్గొచ్చు, నత్రజని లేక పండిన ఆకు మళ్లీ పచ్చబడదు. వాటిని తుంచేయకండి కూడా. అందులో మిగిలింది మొక్క ఇంకా లాక్కుంటోంది. ముట్టుకుంటే ఊడి వచ్చినప్పుడు తీసేయండి. మీరు చూడాల్సింది చిగురు. పది రోజుల్లో వచ్చే కొత్త ఆకు ముదురు పచ్చగా, సాఫీగా ఉంటే మీ పని అయినట్టే. అట్టడుగున, నీడలో ఉన్న ఆకులు వారానికి ఒకటో రెండో పండి రాలితే మాత్రం అది మామూలే.

ప్రశ్న: అమ్మగారూ, హైదరాబాద్ కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తు ఫ్లాటు మాది. బాల్కనీలో టమాటా పూత మీద ఉంది. కింది ఆకులు బాగున్నాయి కానీ చిగురాకులు నిమ్మపండు రంగులోకి, కొన్ని దాదాపు తెలుపులోకి వచ్చాయి. ఎప్సమ్ సాల్ట్ వేశాను, కోడిగుడ్డు పెంకుల పొడి వేశాను, తగ్గలేదు. బోరు నీళ్లే పోస్తాను. ఆర్వో మెషీన్ నుంచి వదిలేసే నీళ్లు కూడా వృథా కాకూడదని కుండీలకే పోస్తున్నాను.

జవాబు: పై ఉత్తరంలో కింది ఆకు, మీది చిగురు. కాబట్టి మీరు ఎప్సమ్ సాల్ట్ ఎంత వేసినా ఫలితం ఉండదమ్మా. ఇది ఇనుము లోపం. కుండీలో ఇనుము లేక కాదు, మట్టి సున్నపుది అయిపోయి ఇనుము కరగడం లేదు. మీ గీజర్ రాడ్డు మీద, కుళాయి మూతి దగ్గర తెల్లగా పెచ్చు కడుతోందా? అదే పెచ్చు కుండీ అంచున కూడా ఉంటుంది, గోటితో గీరి చూడండి. బోరు నీళ్లలోని బైకార్బనేట్లు రోజూ కొంచెం కొంచెంగా పీహెచ్‌ను పైకి లాగుతాయి. 7 దాటితే ఇనుము మట్టిలో బిగుసుకుపోతుంది. గుడ్డు పెంకులంటే సున్నమే. ఆపేయండి.

ఆర్వో వదిలే నీళ్ల గురించి గట్టిగా చెప్పాలి. నీళ్లు వృథా చేయకూడదనే మీ మనసు మంచిది, కానీ ఆ గొట్టంలోంచి వచ్చేది బోరు నీళ్లకన్నా ఉప్పుగా ఉంటుంది. మంచినీళ్లు ఒక వైపు తీసేశాక మిగిలిన ఉప్పంతా దాన్లోనే కదా. ఆ నీళ్లతో బాల్కనీ కడగండి, బాత్‌రూమ్‌లో వాడండి. కుండీలకు వద్దు. కృష్ణా నీళ్లో మంజీరా నీళ్లో వచ్చే రోజున రెండు బకెట్లు పట్టి ఉంచుకోండి, మొక్కలకు అవి పోయండి. వాన పడితే కుండీలను తడవనివ్వండి.

ప్రస్తుతానికి చిగురును నిలబెట్టాలి. లీటరు నీళ్లలో 3 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), అర గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, అప్పటికప్పుడు సాయంత్రం పూట చిగురాకుల మీద సన్నగా పిచికారీ చేయండి. చేలో అయితే 5 గ్రాములు చెబుతాను, బాల్కనీ టమాటా ఆకు లేతది, మాడుతుంది. ముందు ఒక కొమ్మ మీద కొట్టి రెండు రోజులు ఆగి చూడండి. కలిపి దాచుకుంటే ద్రావణం తుప్పు రంగుకు వస్తుంది, ఇక పనికిరాదు. వారానికోసారి మూడు సార్లు చాలు. గోడ మీద పడితే మరక పోదు, వెనక పాత గుడ్డ కట్టుకోండి. మట్టిలో వేయడానికి ఇనుప చీలేటు (ఇనుము బిగుసుకుపోకుండా పట్టి ఉంచే ఎరువు) కొనేట్టయితే పొట్లం మీద ఈడీటీఏ అని ఉందా, ఈడీడీహెచ్‌ఏ అని ఉందా చూడండి. మీ సున్నపు మట్టిలో మొదటిది విడిపోతుంది, రెండోదే నిలుస్తుంది. ఖరీదు ఎక్కువే, కానీ ఒక చిటికెడు ఒక కుండీకి సరిపోతుంది.

ప్రశ్న: ఖమ్మం నుంచి రాస్తున్నాను. మెట్ల కింద ఖాళీ జాగాలో లైటు పెట్టి రెండు మిరప మొక్కలు పెంచుతున్నాను. పూత మొదలయ్యాక ఆకుల మీద లేత పసుపు మచ్చలు, ఆకులు పైకి ముడుచుకుంటున్నాయి. ఏ ఎరువు లోపం?

జవాబు: ఎరువు లోపం కాదు. తామర పురుగు. ఆకు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు, కిందికి బోర్లించిన దోనెలా ముడుచుకుంటే నల్లి. పై ముడత, కింది ముడత అని మన రైతులు వేరు చేసి చెప్పేది ఇదే.

నమ్మకం కుదరకపోతే ఒక తెల్ల కాగితం తీసుకోండి. విచ్చుకున్న పువ్వు ఒకటి దాని మీద పెట్టి వేలితో నాలుగుసార్లు తట్టండి. సన్నటి నల్ల గీతలాంటివి పాకుతూ కనిపిస్తాయి, ఆవగింజలో సగం కూడా ఉండవు. 2021లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో, మీ ఖమ్మంలో కూడా మిరపను మట్టుపెట్టిన నల్ల తామర పురుగు పువ్వులోనే కాపురం పెడుతుంది. ఆ ఏడాది మా తమ్ముడి మూడెకరాల్లో నేను ఇలాగే ఒక పువ్వు తట్టి చూశాను. నా అరచేతిలో పది పన్నెండు పాకాయి. ఆ చేలో ఆ ఏడు కోతకు మనుషుల్ని పిలవాల్సిన అవసరమే రాలేదు. అందుకే రెండు మొక్కలయినా సరే, తాత్సారం చేయకండి.

పురుగున్న పువ్వులన్నీ తుంచి, కవర్లో ముడివేసి బయట పారేయండి. నాలుగు రోజులు పూత పోయినా మళ్లీ వస్తుంది. మొక్క పక్కన నీలం రంగు జిగురు అట్ట కట్టండి. పసుపు అట్ట తెల్లదోమకు, నీలం అట్ట తామర పురుగుకు. లీటరు గోరువెచ్చని నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల గిన్నెలు తోమే సబ్బు నీళ్లు బాగా గిలక్కొట్టి, లైటు ఆపేశాక ఆకుల అడుగు భాగం తడిసేలా కొట్టండి. ఐదు రోజులకోసారి, నాలుగు సార్లు. పురుగుమందుల షాపులో ఇచ్చే సీసా మాత్రం ఇంట్లోకి తేవద్దు. మెట్ల కింద గాలి ఆడదు, పిల్లలు ఆ దారినే ఎక్కి దిగుతారు. చేలో కొట్టే మందు చేలోనే ఉండాలి.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. కుండీలో కరివేపాకు చెట్టును అక్టోబరులో లోపలికి తెచ్చాం. కొసన పూత కూడా వచ్చింది. ఇప్పుడు ఆకులు పసుపు తిరిగి రోజుకో రెమ్మ రాలుతోంది. ఆరేళ్ల చెట్టు, అత్తగారు ఇచ్చి వెళ్లారు. ఎరువు వేయనా?

జవాబు: వద్దమ్మా. వేయకండి. ఆ చెట్టుకు నిద్ర వస్తోంది. వెలుతురు తగ్గి, రాత్రి చల్లబడితే కరివేపాకు ఆకు రాల్చి మోడుగా నిలబడుతుంది, చచ్చిపోయినట్టు కాదు. కొమ్మ బెరడును గోటితో చిన్నగా గీరండి, కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఆకు లేని చెట్టు నీళ్లు తాగదు. చాలామంది ఇక్కడే తడబడి, పాపం ఎండిపోతోందని రోజూ నీళ్లు పోసి వేరు కుళ్లబెడతారు. మట్టి రెండంగుళాల లోతు పొడిబారాకే పోయండి. దక్షిణం కిటికీ దగ్గర పెట్టండి, హీటరు గాలి మీద పడకుండా చూడండి. పూత కొస తుంచేయండి, చలికాలంలో దానికి ఆ బరువు వద్దు. మార్చి ఆఖరుకు కణుపుల దగ్గర ఎర్రటి మొన కనిపిస్తుంది. అది చూశాక కొమ్మల కొసలు జానెడు కత్తిరించి, అప్పుడు మొదటి ఎరువు వేయండి. అత్తగారికి ఆ మొనను ఫొటో తీసి పంపండి, నాకూ ఒకటి పంపండి.